ఏడో లేబుల్

ఫ్యాన్ మేడమ్ నోరు విప్పడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

అంతసేపూ ఆమె బల్ల మీదున్న నీళ్ళ గ్లాసును గుండ్రంగా తిప్పుతూనే కూర్చుంది. ఎదుటి కుర్చీలో ఉన్న డిటెక్టివ్ తొందరపెట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఒక స్టీలు సామాన్ల ఫ్యాక్టరీలో ఖర్చుల ఆడిట్ చేసి, తరువాత పెళ్ళి సంబంధాల వాకబులతో ఈ వృత్తిలోకి దిగిన ఆడమనిషి ఆమె. చేతులు కదులుతున్నాయంటే లోపల మాట తయారవుతోందని ఆమెకు బాగా తెలుసు.

గోడ గడియారంలో పన్నెండూ ఇరవై. రెండు గంటలకు పోలీసులు వస్తారు. ఈలోగా అసలు దొంగ ఎవరో తేలకపోతే వాళ్ళు ఫ్యాన్ మేడమ్‌ను తీసుకుపోతారు.

జరిగింది ఇదీ. ఈ కంపెనీ మూడేళ్ళు కష్టపడి తయారుచేసిన కొత్త వీడియో గేమ్ కన్సోల్ రేపు పదకొండింటికి విడుదల. దాని ధర కూడా రేపే చెప్పాలి. ఇవాళ పొద్దున్న తొమ్మిదింటికి పోటీ కంపెనీ తన కన్సోల్‌కు కొత్త ధర ప్రకటించింది: 469. ప్రకటన కింద ఒక వాక్యం కూడా వేసింది: 'రేపు రాబోయే దానికంటే సరిగ్గా పది తక్కువ.' ఇంకా ఎవరికీ చెప్పని ధర వాళ్ళకెలా తెలిసింది? నిన్న ఈ గదిలో కూర్చుని ధర ఖాయం చేసినవాళ్ళు నలుగురు. ఆ తరువాత గదిలోకి వచ్చింది ఒక్క ఫ్యాన్ మేడమ్.

"మీటింగు అయిదూ ఇరవై అయిదుకు అయిపోయింది" అంది డిటెక్టివ్. "అయిదూ నలభైకి మీరు తలుపు దగ్గర కార్డు గీకారు. నలభై రెండుకు బయటికెళ్ళారు. రెండు నిమిషాలు. ధర రాసిన ఈ బోర్డు తుడిచింది ఆరు దాటాక. అవునా?"

"అవును."

"మీకు ఈ గదిలో పనేంటి?"

"పనేం లేదు."

"పనిలేకుండా రెండు నిమిషాలు ఎవరూ నిలబడరమ్మా. మా ఇంట్లో ఫ్రిజ్ ముందు నేను తప్ప."

ఫ్యాన్ మేడమ్ పెదవుల చివర ఏదో కదిలి ఆగిపోయింది. నలభై దాటని మనిషి. కన్సోల్ లోపల వేడి పెరగకుండా చూసే విభాగం ఆమెది. ఫ్యాను తప్ప వేరే మాట మాట్లాడదని ఆఫీసంతా ఆమెనలా పిలుస్తారు.

తలుపుకు ఆనుకుని నిలబడ్డ మేజర్ గొంతు సవరించుకున్నాడు. మేజర్ అంటే సైన్యంలో చేసినవాడేమీ కాదు. సెక్యూరిటీ ఆఫీసరు. మీసం, బూట్ల చప్పుడు చూసి ఎవరో పెట్టిన పేరు. ఆయనకది నచ్చి అట్టేపెట్టుకున్నాడు.

"చూశారుగా మేడమ్, ఇదీ వరస. పొద్దుట్నించీ నాకూ ఇదే సమాధానం. మీరు వంటింటి కబుర్లు చెబితే కక్కుతుందనుకుంటే, కానివ్వండి."

"మీరు కాసేపు ఊపిరి మాత్రం పీల్చండి మేజర్‌గారూ" అని, డిటెక్టివ్ మళ్ళీ ఇటు తిరిగింది. "బోర్డు మీద మీరు ఏం వెతికారు?"

గ్లాసు ఆగింది.

"నా ఫ్యాను ఉందో పోయిందో చూసుకుందామని వచ్చాను." గొంతు చాలా చిన్నగా ఉంది. "తొమ్మిది ఖర్చుపెట్టి మంచి ఫ్యాను వెయ్యమని ఆర్నెల్లుగా పోట్లాడుతున్నా. మీటింగుకు నన్ను పిలవలేదు. పిలవకపోతే తీసేస్తారని తెలుసు. బోర్డు మీద చూశాను. అయిదు ఖరీదు చేసే ఫ్యానే వేశారు."

"అది చెప్పడానికేంటి ఇంత మొహమాటం?"

"దొంగచాటుగా వచ్చి చూశాను కదండీ. సిగ్గనిపించింది. పైగా అక్కడ ధర కూడా ఉంది, చూడలేదని ఎలా చెప్పను? చూశాను. నాలుగొందల తొంభై తొమ్మిది."

డిటెక్టివ్ కలం ఆగిపోయింది.

"ఎంతా?"

"తొంభై తొమ్మిది. నాలుగొందల తొంభై తొమ్మిది. చుట్టూ రెండు గుండ్రాలు గీశారు."

డిటెక్టివ్ తలొంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించింది. ధర 479 అని ఆమెకు తెలుసు. తెలుసు అనే అనుకుంటోంది. పొద్దుట్నించీ ఒక్కరూ ఆమె దగ్గర ఆ అంకె పలకలేదు; మేజర్‌కయితే అసలు ధర ఇదీ అని కంపెనీ ఇప్పటికీ చెప్పలేదు, చెప్పదు కూడా. ఆమెకు తెలిసింది వేరే దారిన.

ఈ కంపెనీలో ఖర్చుల మేనేజరు ఆమె సొంత చెల్లెలి భర్త. పోయిన ఆదివారం చెల్లెలూ మరిదీ భోజనానికొచ్చారు. చేతులు కడుక్కున్నాక మరిది ఒక కాగితం మడత విప్పి ఆమె ముందు పెట్టాడు. "వదినా, మీ చెయ్యి పడితేగానీ నాకు నమ్మకం కుదరదు. ఒక్కసారి చూడండి." పాత అలవాటు ఊరుకోనివ్వదు కదా, ఆమె కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. చిప్పు, మెమరీ, బోర్డు, డబ్బా, కరెంటు వైరు, రవాణా, చివరికి షాపువాళ్ళకిచ్చే కమీషను. వైరు రెండు చోట్ల పడిందని పట్టుకుంది. సరిచేస్తే ఒక్కో కన్సోల్‌కు ఖర్చు 506 తేలింది. ఒక్కోదాని మీద ఇరవై ఏడు నష్టానికి అమ్మాలి, ఆ నష్టం తరువాత గేముల మీద రాబట్టుకోవాలి. అదీ కంపెనీ నియమం. అంటే ధర 479. పెన్సిలుతో తనే రాసింది. గిన్నెలు సర్దుతున్న చెల్లెలు భుజం మీదుగా తొంగిచూసి "ఎంతకొచ్చిందక్కా?" అంటే నవ్వుతూ చెప్పింది కూడా.

ఇప్పుడు 499 అంటోంది ఈమె.

డిటెక్టివ్ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. తెల్లటి బోర్డు శుభ్రంగానే ఉంది. బ్యాగులోంచి పెన్ను సైజు టార్చి తీసి, బోర్డు పక్కన గోడకు చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి, వెలుగు ఏటవాలుగా వేసింది.

"గోడకు రహస్యాలు చెబుతున్నారా?" అన్నాడు మేజర్.

"వింటున్నాను."

తుడిచినా గట్టిగా ఒత్తి రాసిన చోట గీతల జాడ మిగిలింది. ఒక వరసలో 94, దాని మీద అడ్డగీత, పక్కన 114. కింద 526. మరీ కింద రెండు గుండ్రాల మధ్య 499. ఫ్యాన్ మేడమ్ అబద్ధం చెప్పలేదు.

"ఈ తొంభై నాలుగు దేనిది?" అని అక్కడి నుంచే అడిగింది.

"మెమరీ. దాని ధర పెరిగింది. బుధవారం సాయంత్రం అమ్మేవాళ్ళు ఫోన్ చేసి ఒకేసారి ఇరవై పెంచేశారు. ఆ రాత్రి మా ఫ్లోరులో ఎవరూ అన్నం తినలేదు."

మెమరీ ఇరవై పెరిగింది, ఖర్చు ఇరవై పెరిగింది, ధరా ఇరవై పెరిగింది. నష్టం మళ్ళీ అదే ఇరవై ఏడు. అంతా సరిపోయింది. సరిపోనిది పోటీ కంపెనీ వేసిన 469 ఒక్కటే.

డిటెక్టివ్ టార్చి ఆర్పింది. దానికి పది కలిపితే వచ్చేది ఆదివారం తను పెన్సిలుతో రాసిన అంకె.

"అయ్యిందా?" మేజర్ వచ్చి బల్ల మీద ఒక కవరు పడేశాడు. "నేనూ ఊరికే కూర్చోలేదు. పోటీవాళ్ళ ధర ఉత్తుత్తి ప్రకటనేమో, షాపుల్లో లేదేమో అని మా ఎం.డి. గారి ఆశ. ఇదిగో, ఏడు షాపుల్లో అరల మీది లేబుళ్ళు పీకించి తెప్పించా. ఏడింటిలోనూ అదే ధర. మా వాళ్ళు పరిగెడుతుంటే మీరిక్కడ గోడల్ని వెలిగిస్తున్నారు. పెళ్ళిచూపుల కేసు కాదిది మేడమ్."

"పెళ్ళిచూపుల్లోనే ఎక్కువ అబద్ధాలు వింటాం మేజర్‌గారూ. అక్కడ తయారైన చెవులివి."

"బంధుత్వంతో వచ్చిన కాంట్రాక్టు కదా, ఎన్నయినా చెబుతారు. మీ మరిదిగారు సిఫారసు చేయకపోతే ఈ గడప తొక్కేవారా?"

మాట తగలాల్సిన చోటే తగిలింది. డిటెక్టివ్ కవరు విప్పి లేబుళ్ళు ఒక్కొక్కటే తిరగేసింది. వేలెడంత కాగితాలు. పెద్ద అంకెల్లో 469. కింద మూల ఆవగింజంత అంకెలు: లేబుల్ ఎప్పుడు అచ్చయిందో, ఏ నంబరు మనిషి అచ్చువేశారో మెషిన్ తనంతట తనే వేసుకుంటుంది. మొదటిది శుక్రవారం 9:31. రెండోది శుక్రవారం 9:48. మూడు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ ఇవాళ్టివే, ప్రకటన వచ్చాక అచ్చైనవే.

ఏడోదాని మీద ఆరుకూ తొమ్మిదికీ అడ్డంగా వెంట్రుక మందాన తెల్లగీత ఉంది.

ఆ గీత ఆమెకు తెలుసు. చెల్లెలి షాపులో లేబుల్ మెషిన్ వేసే గీత అది.

చెల్లెలు ఎలక్ట్రానిక్స్ షాపు పెట్టి ఆరేళ్ళు. రెండు కంపెనీల సరుకూ అమ్ముతుంది. అరల నిండా పోటీ కంపెనీ సరుకే మిగిలిపోయిందని, ఈ కంపెనీ కొత్త కన్సోల్ వస్తే అది చెత్తబుట్టకేనని రెండు నెలలుగా ఒకటే గొడవ. ఆ షాపుకు మెషిన్ కొనిచ్చింది తనే. మొన్న బుధవారం పొద్దున్న ఫోన్ చేసి "అక్కా, లేబుళ్ళ మీద తెల్లగీత పడుతోంది, ఒకసారి వచ్చి చూడవూ" అంటే పది గంటలకు వెళ్ళి, దూదిని స్పిరిట్‌లో ముంచి అచ్చుపలకను పది నిమిషాలు తుడిచింది.

డిటెక్టివ్ కళ్ళు లేబుల్ మూలకు వెళ్ళాయి. బుధవారం 10:12.

శుక్రవారం తొమ్మిదింటికి లోకానికి తెలిసిన ధర బుధవారం పదీ పన్నెండుకే చెల్లెలి షాపులో అచ్చయింది. పోటీ కంపెనీ తన మనిషికి ముందే చెప్పింది. తన మనిషి ఎవరు? ఎంతకొచ్చిందక్కా అని భుజం మీద గడ్డం ఆనించి అడిగిన మనిషి.

తొమ్మిదేళ్ళు చిన్నది. అమ్మ డ్యూటీకి వెళ్ళిపోతే తల దువ్వి రెండు జడలు వేసి స్కూలు బస్సు ఎక్కించింది తనే. దాని టైఫాయిడ్‌కు తన పరీక్ష మానుకుంది. ఇరవై రెండేళ్ళు ఎక్కడ తప్పు కనిపిస్తే అక్కడ గుండ్రం గీసిన ఆ చెయ్యి, ఆలోచించేలోపే ఏడో లేబుల్‌ను గుప్పిట్లోకి లాక్కుంది. మిగిలిన ఆరూ కవరులో పెట్టేసింది.

మేజర్ వాచీ చూసుకుంటున్నాడు. ఆమె చెయ్యి చూడలేదు.

*

ఒంటిగంటా ఇరవైకి ఎం.డి. వచ్చాడు. పెద్దవాడు, నిద్రలేక కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. వెనకే మరిది. చంక కింద ఫైలు, ఇస్త్రీ మడత చెదరని లేత నీలం చొక్కా.

"ఈమె కాదు సార్" అంది డిటెక్టివ్, ముందుమాట ఏమీ లేకుండా.

"రుజువు?" మేజర్ అడిగాడు.

"లెక్కే రుజువు. ఎం.డి. గారూ, నిన్న ఖాయం చేసింది నాలుగొందల తొంభై తొమ్మిది. ఇక్కడ మేజర్‌గారి ముందు చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి, రేపెలాగూ అందరికీ తెలుస్తుంది."

ఎం.డి. కళ్ళు పెద్దవయ్యాయి. అవునన్నట్టు తలూపాడు.

"ఈమె నిన్న చూసింది ఆ అంకె. ఈమె చెప్పుంటే, పది తక్కువ అన్నవాళ్ళు నాలుగొందల ఎనభై తొమ్మిది వేసేవాళ్ళు. అరవై తొమ్మిది ఎందుకు వేస్తారు? ఒక్కో పెట్టె మీద ఊరికే ఇంకో ఇరవై ఎవరు పారబోసుకుంటారు సార్, లక్షల పెట్టెల మీద? 'సరిగ్గా పది తక్కువ' అని అచ్చువేసుకున్నారు. అంటే వాళ్ళకు తెలిసిన ధర డెబ్భై తొమ్మిది. అది మెమరీ ధర పెరగక ముందు లెక్క. బుధవారం సాయంత్రానికే ఆ అంకె చచ్చిపోయింది. గురువారం ఈ గదిలోకి వచ్చిన మనిషికి దాన్ని చూసే అవకాశమే లేదు."

"పొద్దుట్నించీ ఈ కంగారులో ఆ పదిని కలిపి చూసుకోనే లేదు" అంటూ ఎం.డి. నుదురు కొట్టుకున్నాడు. ఫ్యాన్ మేడమ్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు.

మేజర్ మీసం సవరించుకున్నాడు. ఓడిపోయినట్టు మాత్రం కనబడలేదు. "బాగుంది. నాకు ధర చెప్పకుండా దొంగను పట్టమంటే ఇట్లాగే ఉంటుంది సార్. సరే, డెబ్భై తొమ్మిది. బుధవారానికి ముందు ఆ అంకె ఎవరెవరికి తెలుసు?"

"నాకు సోమవారం చెప్పాడు" అని ఎం.డి. మరిది వైపు తిరిగాడు. "మిగతా ఇద్దరికీ చెప్పలేదు. నీ దగ్గర్నుంచి ఇంకెవరికైనా వెళ్ళిందా?"

డిటెక్టివ్ మరిది మొహంలోకి చూసింది. గుప్పిట్లో కాగితం చెమటకు మెత్తబడుతోంది. ఈయన ఇప్పుడు పెళ్ళాం పేరు చెప్పాలి, చెప్పలేడు. పాపం, నలిగిపోతాడు. నేనే నెమ్మదిగా విడిగా పిలిచి అడుగుతాను, ఇంటికెళ్ళి దాన్ని కూర్చోబెట్టి మాట్లాడతాను, ముందు ఈమె బయటపడింది కదా. ఇలా సాగుతున్నాయి ఆమె ఆలోచనలు.

మరిది నలగలేదు. జేబులో చెయ్యి పెట్టి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద విప్పాడు.

"ఒక్కరికే చూపించాను సార్. మా వదినగారికి. ఆదివారం లెక్క సరిచూడమని ఇచ్చాను. ఆ పెన్సిలు రాత ఆవిడదే. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. సొంత మనిషి కదా అని నమ్మాను."

తడబాటు లేదు. గొంతు కూడా పగల్లేదు. ఆ నాలుగు మాటలూ ఆయన ముందే పేర్చి పెట్టుకున్నాడని డిటెక్టివ్‌కు అర్థమైంది. ఆమె చూపు ఆ చొక్కా మీదే నిలిచింది. ఆదివారం వేసుకున్నది గళ్ళ చొక్కా. ఇవాళ వేసుకున్న ఈ ఉతికిన చొక్కా జేబులో ఆదివారం కాగితం ఉందంటే, అది పొద్దున్న వెతికి పెట్టుకున్నదే. తొమ్మిదింటికి ప్రకటన వచ్చింది. 469 చూడగానే 479 బయటికి పోయిందని, ఎవరి నోటి నుంచి పోయిందో కూడా ఈయనకు తెలిసిపోయి ఉంటుంది. తొమ్మిదీ ఇరవైకి తనకు ఫోన్ చేశాడు. "వదినా, మీరు తప్ప నాకెవరున్నారు, మీరే రావాలి."

దొంగను పట్టడానికి కాదు పిలిచింది.

"ఆ రోజు బల్ల దగ్గర మనం ముగ్గురం ఉన్నాం" అంది ఆమె, మరిదినే చూస్తూ.

"మీరు, నేను" అన్నాడాయన. "ఇంకెవరున్నారు వదినా?"

అలా అడుగుతున్నప్పుడు మాత్రం ఆయన కళ్ళు ఒక్క క్షణం బతిమాలాయి. మీరెలాగూ దాని పేరు చెప్పరు కదా అన్నట్టు. ఆ బతిమాలడమే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది. అక్కాచెల్లెళ్ళ ప్రేమ ఎంతవరకు వంగుతుందో లెక్కగట్టి మరీ వచ్చాడు.

మేజర్ కవరు బల్ల మీద బోర్లించాడు. వేలితో ఒక్కొక్కటే పక్కకు జరిపాడు.

"మేడమ్. ఏడు ఇచ్చాను. ఇక్కడ ఆరున్నాయి."

ఫ్యాన్ మేడమ్ తలెత్తి చూసింది. ఎం.డి. చూశాడు. డిటెక్టివ్ గుప్పిట విప్పింది. నలిగిన లేబుల్‌ను చేత్తో సాపుచేసి బల్ల మధ్యలో పెట్టింది.

"బుధవారం పదీ పన్నెండు. ప్రకటనకు రెండు రోజుల ముందు అచ్చయింది. షాపు మా చెల్లెలిది. ఈయన భార్య" అంది. "దాచాను. దాచకూడదు."

మరిది మొహంలో రంగు మారుతుందనుకుంది. మారలేదు. ఆయన నెమ్మదిగా ఊపిరి వదిలి తల దించుకున్నాడు, ఎదురుచూస్తున్నది వచ్చేసినవాడిలాగా.

మేజర్ లేబుల్‌ను కిటికీ వెలుగులోకి ఎత్తి కళ్ళు చికిలించాడు.

"టైము సరే. పక్కన సున్నా రెండు అని ఉంది. ఇది అచ్చువేసిన మనిషి నంబరేగా? మీ చెల్లెలిదా?"

డిటెక్టివ్ ఆ అంకెల వంక చూసింది. చెల్లెలిది ఒకటో నంబరు. చెల్లెలు ఊళ్ళో లేనప్పుడు షాపు చూసుకోవడానికని రెండోది ఇంకొకరికి ఇచ్చారు. బుధవారం తనే ఆ నంబరు కొట్టి మెషిన్ తెరిచి, తుడవడం అయ్యాక, "లేవక్కా, నేనొకటి అచ్చుకొట్టి చూస్తాను, నువ్వు చేతులు కడుక్కో" అంటే లేచింది. తిరిగొచ్చేసరికి చెల్లెలు చేతిలో కాగితాలు ఉన్నాయి. చూపించమంటే "గీత పోలేదులే, చూసేదేముంది" అంటూ సొరుగులో వేసేసింది.

గీత కోసం పిలవలేదు. ఆ నంబరు కోసం పిలిచింది.

"నాది" అంది డిటెక్టివ్.

సొరుగు మూసుకున్న చప్పుడు ఆమెకు ఇప్పుడు స్పష్టంగా వినిపించింది.

మేజర్ గోడ గడియారం వైపు చూశాడు. ఒంటిగంటా యాభై.

"పోలీసుల్ని రావద్దని చెప్పక్కర్లేదు సార్" అన్నాడు, తలుపు దగ్గరికి వెళ్ళి లోపలి గడియ పెడుతూ.